ఏడో నంబరు గిన్నె

ఏడో నంబరు గిన్నె గురించా? దాని జోలికెందుకు వెళ్ళావే అమ్మా! మిగతావన్నీ ఓవెన్లో ఉన్నాయని దాన్ని తీశావు, బాగుంది. ఇంకా ఆ బీరువాలోనే పడుందన్నమాట. సరే, ఇలా కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు. ఆ గిన్నె మీ నాయనమ్మ వాళ్ళ అన్నయ్యది, నాకు బావ. నీళ్ళు శుద్ధి చేసే ఆ చోటే, నువ్విప్పుడు కూర్చునే ల్యాబ్‌లోనే, ఇద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేశాం. అందరూ ఆయన్ని 'రెండోసారి' అని పిలిచేవాళ్ళు. ఎందుకంటావా? ట్యాంకు అడుగున చేరిన మడ్డిలో గట్టి సరుకెంత, నీళ్ళెంత అని చూస్తారు కదా. గిన్నెలో పోసి ఓవెన్లో ఎండబెట్టడం, చల్లారాక తూచడం. ఎవరైనా అక్కడితో వదిలేస్తారు. ఈ మహానుభావుడు వదిలితేగా! "మళ్ళీ పెట్టు బావా. తూకం తగ్గిందా? అయితే ఇంకా తడి ఉంది. రెండు తూకాలు కలిసేదాకా సంతకం పెట్టకు." అచ్చం ఇలాగే, ముక్కుతో. మా పెళ్ళి మాటలప్పుడు కూడా "మా చెల్లి నచ్చిందా" అని నన్ను రెండుసార్లు అడిగాడు. అది తలుచుకుంటే మీ నాయనమ్మకి నవ్వాగేది కాదు.

ఏం చెబుతున్నాను... ఆఁ, ఆ రోజు. ఇంట్లో మీ నాన్నకి జ్వరం. అదీ సాకేలే, నిజం చెప్పాలంటే బద్ధకం. ఏడో గిన్నె ఒక్కసారే తూచాను. అదే అంకె రెండో గడిలోనూ రాసి పడేశాను. లెక్క కడితే గట్టి సరుకు నూటికి ముప్పై ఒకటి పాయింట్ ఆరు. ముప్పై దాటితే ఎండబెట్టిన మడ్డి మనిషిని మోస్తుంది, దాన్ని ఆరబోసిన మడిలో దిగి తవ్వొచ్చు అని మా లెక్క. బావ కాగితం చూశాడు. రెండు తూకాలూ కలిశాయి, ఇంకేం అడుగుతాడు? దిగాడు. పైన పెచ్చు కట్టి నెర్రెలిచ్చింది గానీ కిందంతా గంజే. అరవలేదమ్మా. ఛాతీ దాకా కూరుకుపోయాక కూడా గట్టు మీదున్న నన్నే చూస్తున్నాడు, ఏదో సరిచూసుకుంటున్నట్టు. తాడు తెచ్చేలోపు ఆ పెచ్చు మళ్ళీ కలిసిపోయింది.

తర్వాత ఆ గిన్నె కడిగి, ఖాళీగా ఓవెన్లో పెట్టి తూచాను. మళ్ళీ పెట్టి తూస్తే కాస్త ఎక్కువ. మళ్ళీ పెడితే ఇంకాస్త. ఖాళీ గిన్నె తల్లీ! పట్టకారుతో తీసి చూస్తే అడుగున తడి. భయపడుతూనే వేలు పెట్టాను. చల్లగా ఉంది, ఓవెన్లోంచి అప్పుడే తీసింది! పారేద్దామంటే చేతులు రాలేదు. మీ నాయనమ్మకి చివరిదాకా చెప్పలేకపోయాను. నేనే చంపానమ్మా మా బావని.

ఏంటలా మొహం పెట్టావు? నీకెంత వచ్చింది? ...ముప్పై ఒకటి పాయింట్ ఆరా? రెండోసారి కూడా అంతేనా? ...పెట్టలేదూ? సంతకం చేసేశావా? అయ్యో, మడిలోకి ఎవరు దిగుతున్నారే? ఎన్నింటికి? ఫోనేదీ... ముందా ఫోను తియ్యి.