వాపు తగ్గితే చాలదన్న డాక్టరు గారు

పందొమ్మిది వందల తొంభై మూడు జులై ఐదవ తేదీన మా పరిశోధన సంస్థలో పాథాలజిస్టుగా బాధ్యతలు స్వీకరించిన డాక్టరు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వ్యాధిగ్రస్తమైన కణజాలాన్ని పల్చని పొరలుగా కోయించి, రంగు అద్దించి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, లోపల జరుగుతున్నదేమిటో నిర్ధారించడం వారి వృత్తి. తొలి ఏళ్లలో మెట్ల కింది ఇరుకు గదిలో, ఎవరో వదిలేసిన కుంటి బల్ల మీదే ఈ పని సాగించారు. విభాగాధిపతి అయ్యాక విశాలమైన గది కేటాయిస్తే, కిటికీ వెలుతురు కళ్లలో పడుతోందంటూ మళ్లీ మెట్ల కిందికే చేరారు. ఎంతటివారు తొందరపెట్టినా వారిది ఒకటే మాట: "ఆగండి, ఇంకోసారి చూడనివ్వండి." చాటుగా అందరూ "ఆగండి మేడం" అనేవారు. ఆ పేరు వారి చెవిన పడలేదనుకోవడం మన అమాయకత్వం!

కీళ్లవాతానికి మన సంస్థ రూపొందించిన మందు ఎలుకల్లో వాపును చేత్తో తీసేసినట్టు తగ్గించిన రోజుల్లో ఎవరి కాళ్లూ నేల మీద నిలవలేదు. రోగులపై ప్రయోగానికి సర్వం సిద్ధమై, పాథాలజీ అభిప్రాయం ఒక్కటే మిగిలింది. ఆ మందు కోసం ఎదురుచూస్తున్నవారిలో డాక్టరు గారి సొంత అక్కగారూ ఉన్నారు. ఆమె చేతివేళ్లు నానాటికీ బిగుసుకుపోతున్నాయి. ఈ సంగతి పైవారికి ముందే విన్నవించి, ఏ స్లైడు మందు వాడిన ఎలుకదో తనకు తెలియకుండా వాటి చీటీలు కప్పించి మరీ డాక్టరు గారు పరీక్షకు కూర్చున్నారు. కొన్నింటిలో వాపు లేదు, కానీ దెబ్బతిన్న చోట కొత్త కణజాలమూ లేదు. చీటీలు విప్పితే అవన్నీ మందు వాడినవే.

"వాపు పోయింది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు ప్రాజెక్టు అధిపతి.

"గాయం మానలేదు సార్. మంట ఆర్పుతూ, ఇల్లు బాగుచేసేవాళ్లను కూడా తరిమేస్తే ఎలా? వాపుతో వచ్చే కణాల్లోనే మరమ్మతు చేసేవీ ఉన్నాయి."

ప్రయోగం ఆగిపోయింది. ఇంట్లో అక్కగారు భగ్గుమన్నారు. "లోకానికంతా డాక్టరువి, నాకు మాత్రం అడ్డుగోడవా?"

"నీకనే కాదక్కా, ఎవరికీ ఇవ్వనివ్వను."

"ఈ వేళ్లు నీవైతే తెలిసేదే!"

ఆ మాటకు డాక్టరు గారి ప్రాణం విలవిల్లాడింది. అయినా అభిప్రాయం మారలేదు. అక్కగారు చాలాకాలం మాట్లాడలేదు.

వాపును అదుపు చేసేంతవరకే మందిచ్చి, ఆపై కణజాలం కోలుకునే వ్యవధినిచ్చే కొత్త పద్ధతికి ఆ అభిప్రాయమే నాంది అయింది. ప్రస్తుతం రోగులపై దాన్ని పరీక్షిస్తున్నారు. తొలి ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి, తుది మాట ఇంకా తేలాలి. ఈలోగా అక్కగారి వేళ్లు వంగిపోయాయి, ఇక ఏ మందూ వాటిని చాపలేదు. ఇది దాచిపెట్టి అభినందన రాస్తే డాక్టరు గారే ఒప్పుకోరు.

ఈ సంచిక కోసం నాలుగు మాటలు చెప్పమని అక్కగారిని అడిగితే, "దాని మీద నాకు కోపం పోలేదు, అలాగే రాసుకోండి. కానీ పొద్దున్నే నాకు జడ వేయడానికి మాత్రం అదే కావాలి" అన్నారు.

ఇన్నాళ్లూ బస్సు వేళ చూసుకుంటూ హడావిడిగా అల్లిన ఆ జడను తీరిగ్గా అల్లే ఉదయాలు డాక్టరు గారికి కొల్లలుగా దక్కాలని, వారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని, కోప్పడడానికి అక్కగారు ఎప్పుడూ పక్కనే ఉండాలని సహోద్యోగులందరూ మనసారా కోరుకుంటున్నారు.