విర్హిలియో పట్టిన కందిరీగల మూట

"ఒక్కటే గూడు. అబద్ధమెందుకూ, కాఫీచెట్టు కొమ్మకి వేలాడుతోంది, నా పిడికిలంత," అంటూ కథ ఎత్తుకున్నాడు విర్హిలియో.

సెల్సో కాఫీకొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళు దగ్గరికి జరిగారు. దీవిలోని జాతీయ పార్కు ఉద్యోగి నార్సిసా కూడా జరిగింది. ఆ కొండమీది తోటల్లో కందిరీగల గూళ్ళు తీయించడమే ఆమె పని. ఎప్పుడో అరటిగెలల వెంట ఓడెక్కి శాన్ క్రిస్టోబల్ దీవికి వచ్చాయంటారు ఆ పసుపు కందిరీగలు. ఇప్పుడు దీవి పిట్టల నోటికాడి పురుగుల్ని ఎత్తుకుపోతున్నాయి. రోజంతా వాటితో వేగిన నార్సిసాకి సాయంత్రం విర్హిలియో కోతలంటే చెవి కోసుకునేంత ఇష్టం.

"చిన్నదే కదా అని గోనెపట్టా తలకి చుట్టుకుని కొడవలేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది గూడు కాదు, గుమ్మం! దాని వెనక చర్చి గంటంత గూడు, దాని వెనక సెల్సో కొట్టంత గూడు..."

"మధ్యలో నా కొట్టెందుకు?"

"కొలతకి చెబుతున్నాన్లే బావా! లేచాయి చూడు, మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకోవాల్సొచ్చింది. పరిగెత్తి సముద్రంలో దూకాను, అవి పైన కాపలా, నేను అరగంట ఊపిరి బిగబట్టి..."

"మొన్న గంటసేపన్నావు," అన్నాడు సెల్సో.

"మొన్న నీళ్ళు చల్లగా ఉన్నాయి. అడ్డురాకు. ఇక లాభం లేదని గోనెసంచి మూతి తెరిచి పైకి లేచాను, ఒక్క విసురుకి దండంతా సంచిలో! మూతి బిగించానో లేదో సంచి గాల్లోకి లేచింది, దాన్ని పట్టుకుని నేనూ లేచాను. ఇసబెలా దీవి అగ్నిపర్వతం మీదికి రాగానే అన్నిటినీ అందులో దులిపేశాను."

"మరి నువ్వెలా దిగావు మామా?" అడిగింది నార్సిసా.

"ఒకదాన్ని ఉంచుకున్నానుగా, దిగడానికి!"

అరుగు దద్దరిల్లింది. నార్సిసా కళ్ళు తుడుచుకుని అంది: "మామా, ఆరోజు నేను మీ కంచె అవతలే ఉన్నాను. గూడు పిడికిలంతే. పెదవి మీద కుట్టించుకుని నువ్వు దూకింది నీళ్ళతొట్టిలో."

మళ్ళీ నవ్వులు. విర్హిలియో కూడా నవ్వాడు.

నార్సిసా మిగతావాళ్ళ వైపు తిరిగింది. "ఆ పక్క పొదలో ఫించ్ అనే చిన్న పిట్ట పిల్లలు మూడు. పురుగులు దొరక్క తల్లి వట్టి ముక్కుతో వచ్చిపోతోంది. ఈయన వాచిన మూతితో ఆకాకూ తిరగేసి పురుగులు ఏరి, పుల్లతో వాటికి తినిపించాడు. ఆరు రోజులూ కంచె అవతల్నించి చూశాను. రెండు పోయాయి. ఒకటి ఎగిరింది."

విర్హిలియో మొహం పాలిపోయింది. దీవిలో పిట్టను ముట్టుకుంటే పార్కు నియమాల ప్రకారం తప్పు.

"రాసుకున్నావా అమ్మాయ్?"

"ఏం రాయను? ముట్టుకున్నది పుల్ల. నువ్వు కాదు."

సెల్సో ఆశ్చర్యపోయాడు. "ఇంత చేసి ఆ అగ్నిపర్వతం గోల దేనికయ్యా?"

"రెండు చచ్చిపోయాయి బావా. ఆ కథ ఎవరు వింటారు?"

"మేం వింటాం. చెప్పు."

"మూడోదాని నోరు..." అని విర్హిలియో చిటికెనవేలి గోరు చూపించాడు. "ఇంతే ఉంది."

నిజంగానే అంతే ఉండేదని నార్సిసాకి తెలుసు.