డోయినా బయట కార్లో ఉంది

హలో… ఆ, నేనేనండీ, త్రివేణిని. పక్కన కూర్చున్న మనీషా ఫోన్ అడిగి తీసుకున్నాను. నా నంబర్ చూస్తే పొద్దున్నుంచీ ఎత్తడం లేదుగా మీరు.

…మీటింగా. శనివారం పూట.

సరే, మీటింగే అనుకుందాం.

…లేదు, ఇంకా దాని వంతు రాలేదు. వార్మప్ చేస్తున్నారు. …ఆ, తిన్నది. అరటిపండు సగం. మిగతా సగం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఒక మాట అడగాలండీ. కోచ్ డోయినా లోపల లేదు. జిమ్నాస్టిక్స్ పిల్లలందర్నీ అసిస్టెంట్ కోచ్ బ్రెండన్ ఒక్కడే చూసుకుంటున్నాడు. మన హంసిక కూడా డ్రెస్ వేసుకుని వాళ్ళతో నిలబడింది. మీకేమైనా తెలుసా?

…తెలీదా.

…అదే, నేనూ అనుకున్నాను. ఒంట్లో బాగాలేదేమో అని.

…ఏంటి? మళ్ళీ చెప్పండి.

ఇంక్వైరీ అని నేననలేదే.

…లేదండీ. 'లోపల లేదు' అన్నాను. అంతవరకే అన్నాను. ఇంక్వైరీ అన్నది మీరు.

— ఆగండి. నసగకండి. నాకు ముందే తెలుసు. మీ నోటితో మీరే చెప్తారేమోనని అడిగాను.

డోయినా బయట కార్లో ఉంది. పార్కింగ్ లాట్‌లో. మన బాతెల్ నుంచి ఇక్కడికి, స్పొకేన్ దాకా, నాలుగైదు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది, లోపలికి రానివ్వరని తెలిసి కూడా. పిల్లలు ఎలా చేశారో ఎవరైనా బయటికొచ్చి చెప్తారని. ఇందాకటిదాకా ఆవిడ పక్క సీట్లోనే కూర్చుని, ఇప్పుడే లోపలికొచ్చాను.

…ఏం చెప్పిందా. ఎవరో పేరెంట్ జిమ్ ఓనర్‌కి ఫోన్ చేశారట. పిల్లల్ని హింస పెడుతోందని. తిండి మానిపిస్తోందని. చెయ్యి చేసుకుంటోందని. విచారణ అయ్యేదాకా పిల్లల దరిదాపులకి రావద్దన్నారట. ఎవరు చేశారో ఓనర్ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

…అడగడం దేనికండీ. గురువారం మన హంసిక ఎక్స్‌రే చూసి, పాదంలో ఎముక చీలింది, ఈ పిల్లని పోటీలో దించను అన్నది ఆవిడ. దించి తీరాలని పోట్లాడింది మీరు. శుక్రవారానికల్లా ఆవిడ పిల్లల్ని కొట్టే మనిషైపోయింది. లెక్క తేల్చడానికి ఆవిడకి సాఫ్ట్‌వేర్ కావాలా.

…'డౌట్ మాత్రమే చెప్పాను' అంటారా. బాగుంది.

…అందరు రుమేనియా కోచ్‌ల మీదా ఉన్న మాటే కదా అంటారు. అందుకే కదా, వెంటనే నమ్మేస్తారని తెలిసే కదా చెప్పారు.

అసలు ఆవిణ్ణి ఏరికోరి తెచ్చుకున్నదెవరండీ. శాన్ రామన్ నుంచి మీ ఫ్రెండ్ చక్రపాణి చెప్పాడని, రుమేనియా వాళ్ళయితే ఒళ్ళు వంచి నేర్పిస్తారని, ఉన్న జిమ్ మాన్పించి మరీ ఇందులో చేర్చారు. మొదటిరోజు ఆవిడతో ఏమన్నారో గుర్తుందా? 'రెండు తగిలించినా మేమేం అనుకోం మేడమ్, మా స్కూల్లో మాస్టార్లు అలాగే చెప్పేవాళ్ళు' అన్నారు. నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. 'నేను కొట్టను సార్' అంది. కార్లోకొచ్చాక మీరేమన్నారు? 'ఈవిడ కాస్త మెత్తగా ఉందే' అన్నారు.

…లేదు, వినండి. ఇది వినాలి మీరు. మీటింగ్ ఎక్కడికీ పోదు.

ఆవిణ్ణి ఏడేళ్ళప్పుడు ఇంట్లోంచి తీసుకెళ్ళి ట్రైనింగ్ సెంటర్లో పడేశారట. వాళ్ళది బొగ్గు గనుల ఊరు. రోజూ బరువు తూచేవాళ్ళు. కాస్త పెరిగితే ఆ పూట తిండి లేదు, నీళ్ళు కూడా లెక్కే. స్నానం చేస్తూ షవర్ నీళ్ళు తాగేవాళ్ళట ఆ పిల్లలు. పదిహేనేళ్ళకి యూరప్ పోటీలకి తీసుకెళ్ళారు. అప్పటికే పాదం విరిగి ఉంది.

…ఆ. పాదమే.

డాక్టర్ వచ్చి మత్తు సూది పొడిచాడు. నొప్పి పోయింది. నొప్పితో పాటు పాదమే పోయినట్టు అయిపోయిందట. బీమ్ మీద కాలు ఆనిందో లేదో తెలీదు, అరచేతంత వెడల్పే ఆ కర్ర దూలం. కిందికి చూసుకుంటూ, చూసుకుంటూ చేసింది. అలా చూసుకున్నందుకు మార్కులు తగ్గించారట. అయినా వెండి పతకం వచ్చింది.

…అవును, ఆ పతకమే. ఉగాది పార్టీలో అందరికీ ఊదరగొట్టారు చూడండి, 'మా కోచ్ యూరోపియన్ మెడలిస్ట్' అని. అదే.

తర్వాత ఆపరేషన్, మళ్ళీ ఆపరేషన్. పదిహేడేళ్ళకి పనికిరావు పొమ్మన్నారు. ఆమె మంచం మీద మర్నాటికి ఇంకో పిల్ల పడుకుందట. ఇప్పటికీ చలికాలం వస్తే ఆ కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. మనం చూసి వయసు మీద పడుతోంది అనుకున్నాం. ఆవిడకి నలభై కూడా లేవండీ.

…ఇప్పుడెందుకా ఈ కథంతా. చెప్తాను.

ఆ సూది పొడిచే ముందు ఇంటికి ఫోన్ చేసి అడిగారట. వాళ్ళ నాన్నని. 'పొడవండి' అన్నాడట. డాక్టర్నీ కోచ్‌నీ ఎప్పుడో మర్చిపోయాను అంది. వాళ్ళ నాన్నతో మాత్రం ఆయన పోయేదాకా మాట్లాడలేదు.

…నేనేమీ పోల్చలేదు. మీకే పోలిక కనిపించింది.

హంసికతో ఏం చెప్పారు నిన్న? …నాకు చెప్పడం లేదది. కాలికి టేపు చుట్టుకుంది, నా వైపు చూడటం లేదు. బ్యాగులో నొప్పి మాత్రల సీసా ఉంది, నేను పెట్టలేదు.

…'తనే అడిగింది.'

అడుగుతుంది. మీ మొహం చూస్తే ఏం అడగాలో దానికి తెలిసిపోతుంది. చిన్నప్పట్నుంచీ అంతేగా.

…తెలుసండీ. గ్రీన్ కార్డు క్యూ తెలుసు నాకు. ఇరవై ఒకటి నిండితే మన వీసా దానికి పనికిరాదని తెలుసు. కాలేజీ వాళ్ళు దాని ఆట చూసి పిలిచి సీటిస్తే కాస్త దారి దొరుకుతుందని మీ ఆశ. ఆ భయం మీ ఒక్కరిదే అనుకుంటున్నారా. నేనూ దాంతోనే లేస్తున్నాను, దాంతోనే పడుకుంటున్నాను. కానీ కాలు విరిగిన పిల్లని ఏ కాలేజీ పిలుస్తుందండీ.

…వచ్చారు. కనబడుతున్నారు. ఎదురుగా కూర్చున్నారు, కాలేజీ జాకెట్లు వేసుకుని. ఒకావిడ ఫోన్ చూసుకుంటోంది. ఇంకొకాయన శాండ్‌విచ్ తింటున్నాడు.

ఇప్పుడొక్క పని చేసిపెట్టండి. బ్రెండన్‌కి మెసేజ్ పెట్టండి, వద్దని. ఫోన్ అతని జేబులోనే ఉంది. నేను చెప్పి చూశాను, 'డాడ్ ఓకే అన్నారు' అంటున్నాడు. మీరు వద్దంటే ఆపుతాడు. కోచ్ ఒక్క మాట చెప్తే చాలు, పేరు తీసేస్తారు.

…ప్లీజ్ అండీ.

…పెళ్ళయ్యాక మిమ్మల్ని ఏదైనా ఇలా అడిగానా.

…దాని ముందు ఇంకొక్క పిల్లే ఉంది. పెట్టారా?

…హలో. ఉన్నారా లైన్లో?

…ఉన్నారు. మెసేజ్ మాత్రం పెట్టలేదు.

సరే అయితే.

ఇక్కడొక రూలుంది, ఇందాక మైక్‌లో చెప్పారు. పేరెంట్స్ పోటీ జరిగే చోట అడుగుపెడితే వాళ్ళ పిల్లని పోటీ నుంచి తప్పిస్తారట. మేం ముందు వరసలోనే ఉన్నాం. నా ముందు రైలింగ్ ఒక్కటే అడ్డం.

…అవును. అదే చేయబోతున్నాను.

…అరవకండి. మీటింగ్‌లో వింటారు.

…పరువా. పోతుంది. రేపు వాట్సాప్ గ్రూపంతా ఇదే. మనీషా ఇప్పుడే నోరెళ్ళబెట్టి చూస్తోంది నన్ను.

…ఏడాదంతా పడ్డ కష్టం. అవును, దాని కష్టమే. నాకు తెలీదా, పొద్దున్నే ఐదింటికి డ్రైవ్ చేసింది నేను.

సోమవారం జిమ్‌కి వెళ్ళి ఓనర్‌తో మాట్లాడతాను. డోయినా నా కూతురి మీద ఏనాడూ చెయ్యెత్తలేదని చెప్తాను. ఆ ఫోన్ ఎవరు చేశారో, ఎందుకు చేశారో కూడా చెప్తాను. మీరూ వస్తే రండి. రాకపోయినా చెప్తాను.

…'నీ మొగుణ్ణి' — ఆ, తెలుసు. మొగుడనే ఇంతసేపు అడిగాను.

పిలిచారు. హంసికనే. బీమ్ దగ్గరికి వెళ్తోంది… కుంటకుండా నడవాలని చూస్తోంది. పళ్ళు బిగబట్టి నవ్వుతోంది జడ్జి వైపు.

నేను లేచి నిలబడ్డాను.

…చూసింది. నన్ను చూసింది. అర్థమైపోయింది దానికి. వద్దని తల ఊపుతోంది… వద్దమ్మా వద్దమ్మా అంటోంది, పెదవులు కనబడుతున్నాయి. ఎంత అసహ్యంగా చూస్తోందో నా వైపు.

చూడనీండి. జన్మంతా తిట్టుకోనీండి నన్ను. రెండు కాళ్ళ మీద నిలబడి తిట్టుకోనీండి.

…మనీషా, ఇదిగో నీ ఫోన్. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు, నువ్వు కట్ చేసెయ్.