పసుపు లైటు మీద బొట్టు

పుదుచ్చేరిలో ఒక కారు సామాన్ల అంగడి. మీటరులో పసుపు లైటు వెలిగితే కారులో తప్పేమిటో చూపించే స్కానరు కొనడానికి సుబ్బరాయలు మేనకోడలు కీర్తికను వెంటబెట్టుకొని వచ్చాడు. గల్లా వెనక అంగడాయన అణ్ణాదురై.

“అది గాదు అణ్ణాదురై, నేనడిగేది ఒకటే. ఇది కారుకే పెట్టాల్నా, మనిషికి గూడా పెట్టొచ్చా? మా ఇంటామె చెవిలో గుచ్చి చూస్తా, లోపల ఏం చెడిపోయిందో.”

“మామా, ఊరికే ఉండు.”

“నువ్వుండు కీర్తీ. మీ అత్తకి లైటు వెలిగి ముప్పై ఏండ్లయింది, యా మెకానిక్కూ చూడలా.”

“అణ్ణా, మీరిట్లా నవ్విస్తా ఉంటే నేను యాపారం చేసేదెట్లా? చూడమ్మా, ఇంట్లో వాడుకునేదానికి రెండు రకాలు. ఈ చిన్నదానికి వైరు లేదు, ఫోనుకి కలుపుకోవాల. ధర తక్కువ. అయితే ఒక్కోసారి కలుస్తాది, ఒక్కోసారి కలవదు.”

“మా అల్లుడి మాదిరి.”

“మామా!”

“సరి సరి. చెప్పు తంబీ.”

“ఇంకోటి ఇది, వైరుది. స్టీరింగు కింద గుచ్చితే తప్పేందో దీంట్లోనే ఇంగ్లీషులో వస్తాది. ఫోనుతో పని లేదు. దీనికి పైన ఉండేవి షెడ్డు వాళ్ళకి, మీకెందుకు?”

“ఫోనుదైతే, చూసింది ఫోనులోనే ఉండిపోతాదా?”

“ఉంటాదమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకోవచ్చు.”

“అయితే వద్దు. వైరుదే చాలు.”

“ఇట్లియ్యి, డబ్బా మీద ఏముందో నేను చదివి చెప్తా. ఆఁ... ‘జపాను రాజు గారు సొంతంగా కూర్చుని చేసింది. సుబ్బరాయలుకి మాత్రం సగం ధర.’”

“డబ్బా తలకిందులుగా పట్టుకున్నావు మామా.”

“జపానులో అట్లే చదువుతారు. తంబీ, దీంట్లో తప్పుని చెరిపేసేది గూడా ఉందా?”

“ఉందణ్ణా. బటను నొక్కితే లైటు ఆరిపోతాది. అయితే చెరిపినంత మాత్రాన రోగం పోదు. ఉంటే మళ్ళీ వెలుగుతాది.”

“నాకు చెరిపేది వద్దు.”

“ఉంటే ఉండనీ కీర్తీ, అదేమన్నా అన్నం అడుగుతాదా?”

“వద్దు మామా. ఏముందో చూడాల. అంతే.”

“బండి అంత ఇబ్బంది పెడతా ఉందామ్మా? భయపడొద్దు. పోయిన వారం ఒకామె ఏడ్చుకుంటా వచ్చింది, ఇంజనే పోయిందని. చూస్తే పెట్రోలు మూత సరిగా బిగించలా. దానికీ అదే పసుపు లైటు.”

“మాది పోతా పోతా నిలిచిపోయింది. శానాసేపు మళ్ళీ స్టార్టు కాలా.”

“యాడ?”

“అరియాంకుప్పం వంతెన మీద.”

“ఆ మాట ఇప్పుడెందుకు కీర్తీ? తంబీ, టీ చెప్పు. నాకు చక్కెర నాలుగు చెంచాలు. షుగరుందని ఎవురికీ చెప్పబాక.”

“అయ్యో, వంతెన మీదనా? అంత రద్దీలో! బండిలో ఎవురన్నా...”

“మా అమ్మ ఉండింది. కిరుమాంబాక్కం నుంచి గోరిమేడు ఆసుపత్రికి తీసకపోతా ఉంటి. నెప్పి, నెప్పి అంటా ఉండింది.”

“ఇప్పుడు బాగుండాదామ్మా?”

“పోయింది తంబీ. పోయిన నెల. మా అక్క, అమ్మాయమ్మ. ఈ ఊర్లో నా చెవి పట్టుకుని మెలిపెట్టేదానికి ఆమె ఒక్కతే ఉండింది.”

“తెలీక అడిగేసినానణ్ణా...”

“నీదేం తప్పు లేదులే. వైరుది ఇయ్యి, బయట బండిలో పెట్టి చూస్తాం.”

“తీసకపోండి. తాళం తిప్పితే చాలు, ఇంజను స్టార్టు చెయ్యబాకండి.”

“దా కీర్తీ. నేనీ పక్క కూర్చుంటా. ...ఇదేంది, మీటరు మీద బొట్టు బిళ్ళ?”

“పీకొద్దు!”

“పీకనులే. ఎవురిదీ?”

“అమ్మది. కింద ఉండేది ఆ లైటే. ఆ వారమంతా వెలగతానే ఉండింది. అమ్మ ఇప్పుడు నువ్వు కూర్చున్న చోటే కూర్చుని ఒకటే పోరు. ‘ఏందే ఆ పసుపు దీపం, ఎవురికన్నా చూపించవే’ అని. నేను అమ్మ నుదుటి మీద బిళ్ళ పీకి దాని మీద అంటించినా. ‘ఇప్పుడు కనపడలా గదా, గమ్మునుండు’ అంటి. ఇద్దరం నవ్వినాం.”

“మా అక్క నవ్విందంటే...”

“నవ్వింది మామా. వంతెన మీద నిలిచిపోయినప్పుడు గూడా ఆ బిళ్ళనే చూస్తా ఉండింది. నన్ను ఒక్క మాట అనలా.”

“అనదు. ఆమె అట్లాంటిదే.”

“మెకానిక్కు నోట వినలేను. అందుకే ఇంట్లోనే చూసుకోవాలనుకున్యా. ముందే చూపించుంటే అమ్మ బతికేదా? అదొక్కటే నాకు తెలియాల.”

“సరే. గుచ్చు.”

“గుచ్చినా. తాళం తిప్పినా. ...వస్తా ఉంది. మామా, నేను చూడలేను. నువ్వు పట్టుకో.”

“నేనా?”

“కండ్లు మూసుకున్యా. చదువు.”

“ఉండు, అద్దాలు... ఆఁ. అక్షరాలు చీమల మాదిరి ఉండాయి.”

“చదువు మామా.”

“పెట్రోలు... మూత... సరిగా బిగించలా. అంతే ఉండాది.”

“ఇంజను గురించి?”

“ఒక్క ముక్క లేదు. మూతంట! పోయి పోయి మూతంట!”

“మరి వంతెన మీద ఎందుకు నిలిచింది?”

“అది ఊరికే నిలిచింది. ఈ లైటుకీ దానికీ సంబంధం లేదు. కింద అది గూడా రాసుండాది.”

“అది గూడానా?”

“ఆఁ. ‘కీర్తిక మీద ఏ తప్పూ లేదు’ అని.”

“పేరుతోనా?”

“పేరుతోనే. ఇనీషియలు గూడా ఏసినారు.”

“నీ గొంతెందుకట్లా వణకతా ఉంది?”

“ఏసీ చల్లగా ఉంది గదా.”

“ఏసీ వెయ్యలేదు మామా.”

“ఉండు, అద్దాలు తుడుచుకోనీ.”

“మామా.”

“ఊఁ.”

“నీకు ఇంగ్లీషు ఒక్క అక్షరం గూడా రాదు గదా.”

“...రాదు పాపా.”

“ఇంకోసారి చదువు.”