మెడ వంచిన గుర్రం

జనగామలో పటాలు కట్టే దుకాణం. ఒకప్పుడు టాంగా తోలిన ముసలాయన నూటయాభై ఏళ్ల కిందటి రాతి అచ్చుతో కాగితం మీద వేసిన బొమ్మను బల్ల మీద పరిచాడు. అందులో ఒక గుర్రం బస్తాల బండిని లాగుతోంది.

“తాతా, బండి కోసేస్త. గుర్రం ఒక్కటే ఉంటే పటం మంచిగుంటది,” అన్నాడు దుకాణం పిల్లగాడు.

“వద్దు బిడ్డా. బరువు తీసేస్తే దాని మెడ ఎందుకు వంగిందో ఎవరికి తెలుస్తది?”

“నీ గుర్రం గిట్లనే ఉండెనా?”

“ఉండె. స్టేషన్ కాడ నలుగురెక్కే టాంగాల తొమ్మిది మందిని ఎక్కించుకున్న. ఎండల ఎత్తు ఎక్కుతుంటే కూలింది. మళ్ల లేవలే.”

“ముసలిదై సచ్చిందని నీ మనుమరాలు చెప్పిందే?”

“ఇంట్ల నేనే అట్ల చెప్పిన, నలభై ఏండ్ల సంది.”

“మరి గిది రోజూ సూసుడెందుకు? పరేషానే గద.”

“గిది గోడకుంటే గా అబద్ధం మళ్ల నోటికి రాదు బిడ్డా.”