పదకొండు నోటుపుస్తకాలు

అబుదాబి, 1979. ఆసుపత్రి వెనక మెట్ల మీద నర్సు విజయరత్నం, రాజలింగం. స్వీడన్ నుంచి వచ్చి ఇక్కడే పోయిన ఒక ముసలి ఆర్గన్ వాద్యకారుడి ఇంట్లో రాజలింగం పనిచేశాడు.

"మళ్ళీ చెప్పు రాజలింగం. మెల్లగా చెప్పు."

"చెప్పిన గదమ్మా. సాబ్ బుక్కులు నా దగ్గర లేవు."

"లేవంటే ఏమైనట్టు? ఆయన కూతురు వాటికోసమే స్వీడన్ నుంచి విమానమెక్కి వచ్చింది. పైన నా గదిలో కూర్చుంది. మీ సాబ్ ఎస్కిల్ గారు ముప్పై ఏళ్ళు వాళ్ళూరి చర్చిలో వాయించారంట. అప్పుడు కట్టిన పాటలన్నీ ఆ చర్చిలో భద్రంగా ఉన్నాయంట. ఇక్కడికొచ్చాక కట్టినవి మాత్రం ఆ పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా లేవు."

"నాకెరుకలేదా? పక్షవాతమొచ్చి కాళ్లు పడిపోయినంక, ఇంట్ల ఆ కాళ్ల హార్మోనియానికి గాలి తొక్కింది నేనే. నేను కింద తొక్కేది, సాబ్ పైన వాయించేది, ఆపి రాసుకునేది."

"నేనడిగేది అది కాదు. అమ్ముకున్నావా?"

"గా మాటనకు సిస్టరమ్మా."

"మరి చెప్పవేం?"

"పెట్టెల పెట్టిన."

"ఏ పెట్టెలో?"

"వాళ్ల దేశం తోలనీకి సాబ్‌ను పండవెట్టిన పెట్టెల."

"అయ్యో ప్రభువా. ఎప్పుడు?"

"నువ్వు సంతకాల కోసమని ఆఫీసుకు పోయినవు సూడు, అప్పుడు. దుప్పటి కింద, కాళ్లకాడ. పదకొండు. మా దిక్కు మనిషి పోతె, ఇష్టమున్నయి ఎంబడి పెడ్తరమ్మా. మా నాయినకు చుట్టలు పెట్టినం, సున్నపుకాయ పెట్టినం. సాబ్‌కు అవి తప్ప ఏమున్నయి? వట్టి చేతులతోని ఎట్ల తోలాలె?"

"నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగితె వద్దందువు."

"వద్దనేదాన్నే."

"అయినా ఏమైందమ్మా? మీ కిరస్తానోళ్లు బొందవెడ్తరు గదా. గట్టి పెట్టె, మూడు నెల్లకే ఖరాబైతదా? తవ్విచ్చుకొమ్మను. తప్పు నాదే అని చెప్పు. ఆమె కాళ్లు మొక్కుత."

"తవ్వడానికేముంది రాజలింగం."

"ఏందమ్మా?"

"వాళ్ళ దేశంలో చాలామంది కాల్చేస్తారంట. పెట్టె మళ్ళీ తెరవలేదంట, పెట్టెతోనే. ఇందాకే చెప్పింది."

"కాల్చిన్రా?"

"ఊఁ."

"పెట్టెతోనే?"

"ఏడవకు. ఎవరన్నా చూస్తారు."

"అంటే అన్నీ ఖలాసేనా అమ్మా? పదకొండూ?"

"తండ్రీ కూతురూ పదేళ్ళు మాట్లాడుకోలేదంట. పోయే ముందు ఉత్తరం రాశాడంట, చివరి పుస్తకంలో ఉన్న పాట నీ కోసం కట్టాను, అదొక్కటీ విను అని. ఆవిడకి నేనేం చెప్పను? ఇదిగో, మూడేళ్ళు విన్నావు కదా నువ్వు. ఒక్క ముక్క పాడు. మా చర్చిలో హార్మోనియం వాయించేది నేనే, పట్టుకుంటాను."

"పాట నాకెట్లస్తదమ్మా? నేను నా కాళ్లు చూసుకుంటనే ఉంటి."

"ఒక్క ముక్క రాజలింగం."

"ముక్క గూడ రాదు. ఆ ఆఖరి పాటకు ఏడ మెల్లగ తొక్కాల్నో, ఏడ జోరుగ తొక్కాల్నో, ఏడ ఆపి కూసోవాల్నో, అది యాదికున్నది. ఆమెను పిలువు. ఒక్క చప్పుడు రాదు గని, తొక్కి చూపిస్త."