దొంగ గుడిసెలో గ్లాసు

దిల్‌సుఖ్‌నగర్‌లో గౌతమ్ గదిలో, బల్ల చుట్టూ కూర్చుని కథగా ఆడే మాంత్రికుల ఆటకి జాస్మిన్ రావడం మానేసింది. ఎల్బీనగర్ మెట్రో మెట్ల దగ్గర గౌతమ్ ఆమెను పట్టుకున్నాడు.

“మాంత్రికుడి కోట గుమ్మం దగ్గర ఆగిపోయాం. కత్తి నీ చేతిలో ఉంది. నువ్వు రాకపోతే ఎలా?”

“రానని చెప్పిన గద.”

“ఎందుకో చెప్పవా?”

“నీ ఆట రూల్ ఏంది? మళ్ల చెప్పు.”

“కొత్తగా అడుగుతావేంటి? కథ చెప్పేది నేను. నేను ఉందన్న వస్తువే ఉంటుంది. కుర్చీ ఉందంటేనే ఎవరైనా కూర్చోగలరు. చెప్పనిది లేనట్టే.”

“మంచిగుంది. పోయినసారి దొంగ గుడిసెల ఏమేం ఉన్నయన్నవ్?”

“ఏదో... నోటికొచ్చింది.”

“చెప్పు.”

“ఇటుకల మీద నిలబెట్టిన మంచం. దారం కట్టిన అద్దం. వదిలెయ్ జాస్మిన్.”

“గ్లాసులు?”

“స్టీలు గ్లాసులు. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. దాన్నిబట్టి దొంగసొత్తని ఆటలో అభిరామ్ కనిపెట్టాలి.”

“కనిపెట్టిండు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. గీ కొంప ఎవలిదో అని వాడంటే, నాకేం ఎరుక అన్న. మా అమ్మ ఊడ్చి తుడిచే ఇల్లు, నాది కాదన్న.”

“కావాలని చేయలేదు. మీర్‌పేట్‌లో మీ ఇంట్లో చూసినవి కళ్లల్లో ఉండిపోయాయి. వస్తువులే కదా అనుకున్నాను.”

“వస్తువులే. నీ నోట్ల పడంగనే దొంగసొత్తయినయ్. అమ్మ పెండ్లిళ్లల్ల వంటకు పోతది. వండినందుకు కట్నంగ పెట్టిన గ్లాసులవి. పెట్టినోళ్ల పేర్లు.”

“నాకు తెలియదు. ఆదివారం అందరి ముందు చెప్తాను. ఆ గుడిసెనే కథలోంచి తీసేస్తాను.”

“మా ఇంటిని తీసేస్తవా?”

“అది కాదు... మరేం చేయమంటావ్?”

“ఏం చెయ్యకు. ఒక గ్లాసు చెప్పుడు మర్శినవ్. ఆ రోజు అమ్మ నీకు చాయ్ తెచ్చింది.”

“నేను తాగలేదుగా. ఇప్పుడే తాగొచ్చానండీ అన్నాను.”

“తాగలే. ముట్టలే. దాని దిక్కు గూడ చూడలే.”

“చూడలేదు. దాని మీద... ఎవరి పేరుంది?”

“నువ్వొస్తున్నవని అమ్మ కొత్తది కొని పేరు కొట్టిచ్చింది. గౌతమ్ అని.”